పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి: పాత పికప్ బండి డీజిల్ ట్యాంకు రిపేరు

పాత పికప్ బండి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోయినా, బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగిపోయినా, మన దగ్గర ముందుగా వినిపించే మాట "పంపు పోయింది", లేదంటే "నాజిల్స్ పోయాయి". (పంపు అంటే డీజిల్‌ని ఒత్తిడితో పంపే పెద్ద పంపు, నాజిల్స్ అంటే ఆ డీజిల్‌ని ఇంజిన్‌లోకి చిమ్మేవి.) పంపు విప్పి పంపు షాపుకి పంపిస్తారు, బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుంది, కిరాయిలు పోతాయి, బిల్లు వేలల్లో వస్తుంది. తీరా బిగించాక కొన్నాళ్ళు బాగానే తిరిగి మళ్ళీ అదే జబ్బు. ఎందుకంటే మడ్డి ట్యాంకులోనే ఉండిపోయింది, కొత్తగా చేయించిన పంపులోకి కూడా ఆ పాత తుప్పే వెళ్తోంది. బండికి పదేళ్ళు దాటితే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: పంపు మీద పానా పెట్టే ముందు ట్యాంకు చూడండి. ఇది ఖర్చు తక్కువ పని, ఒక రోజు ఓపిక పడితే చాలావరకు ఇంటి దగ్గరే అయిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా డీజిల్ బళ్ళ గురించే. టాటా 207, పాత బొలెరో పికప్, క్యాంపర్ లాంటివి, అంటే ఛాసిస్‌కి పట్టీలతో బిగించిన ఇనుప రేకు ట్యాంకు ఉండే బళ్ళు. పెట్రోల్ బండి అయితే ట్యాంకు దించే పని ఇంటి దగ్గర పెట్టుకోకండి, మెకానిక్‌కే అప్పజెప్పండి.

ముందు ఇవి చదవండి

డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదులే అని చాలామందికి ధీమా. కానీ మన దేశంలో అమ్మే డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలన్నదే ప్రమాణం. అంటే 35 డిగ్రీలు దాటిన వేడిలో దాని ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమనే అవకాశం ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 44, 45 డిగ్రీలు ఉంటుంది, ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. కాబట్టి ఎండాకాలం డీజిల్‌ని పెట్రోల్ అనుకునే పని చేయండి. పొద్దున్నే, ఆరుబయట, చెట్టు నీడన మొదలుపెట్టండి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. బీడీ, సిగరెట్, పక్కన వెల్డింగ్, దగ్గరలో వంటపొయ్యి, ఇవేవీ ఉండకూడదు. లోపలికి చూడటానికి వైరుకు వేలాడే బల్బు వాడొద్దు, బల్బు పగిలితే అదే నిప్పురవ్వ. చిన్న ఎల్ఈడీ టార్చి చాలు, అది కూడా ట్యాంకు బయటి నుంచే. ఓ బక్కెట్ ఇసుక పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి, దయచేసి పైపు పెట్టి నోటితో డీజిల్ లాగకండి. ఊళ్ళలో ఇది అందరూ చేసే పనే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. కొంచెం మింగితే వచ్చే ప్రమాదం కన్నా, ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే ప్రమాదం చాలా పెద్దది. న్యుమోనియా లాగా ముదిరి ఆసుపత్రిలో పడేస్తుంది. ఎవరైనా మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు, వాంతిలోనే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లాగడానికి చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపు హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది.

ఆగే తీరు గమనించండి

బండి ఎలా ఆగుతోందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే. కొంతదూరం బాగా నడిచి, మెల్లగా బలం తగ్గి ఆగిపోయి, కాసేపు పక్కన పెడితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతోందంటే రెండు అనుమానాలు. ఒకటి, ట్యాంకులో డీజిల్ పీల్చే పైపు చివర ఉండే జాలీకి మడ్డి అంటుకుపోతోంది. ఇంజిన్ ఆగగానే పీల్చడం ఆగుతుంది, మడ్డి కిందికి జారుతుంది, దారి తెరుచుకుంటుంది. రెండోది, ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవడం తేలిక. బండి ఆగినప్పుడు వెంటనే ట్యాంకు మూత తిప్పండి, "సుయ్" మని గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే గాలి దారి సమస్య. చప్పుడు లేకపోతే జాలీ.

రాత్రి పెట్టిన బండి పొద్దున స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తూ, ఒకసారి స్టార్ట్ అయ్యాక రోజంతా బాగానే ఉంటే, ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. ఆ సందులోంచి గాలి చేరి, పైపులో ఉన్న డీజిల్ రాత్రికి రాత్రి ట్యాంకులోకి వెనక్కి దిగిపోతుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఏ గొడవా లేకుండా, పావు వంతుకి వచ్చాక మాత్రం మలుపుల్లో, ఎత్తుల్లో జర్క్ ఇస్తూ తెల్ల పొగ కక్కితే నీళ్ళని అనుమానించాలి. నీళ్ళు డీజిల్ కన్నా బరువు, అడుక్కి చేరతాయి. పీల్చే పైపు ట్యాంకు అడుగుకి కొంచెం ఎత్తులో ఉంటుంది కాబట్టి మామూలుగా నీళ్ళు పైపుకి అందవు, డీజిల్ తక్కువగా ఉండి బండి ఊగినప్పుడే అందుతాయి.

పాత ఫిల్టర్ని పారేయకుండా ఒకసారి హాక్సా బ్లేడుతో కోసి చూడండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు. నల్లగా, జిగురుగా, నాచులాగా ఉండి కుళ్ళు వాసన వస్తే, నీళ్ళూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగాయని. చాలాకాలం నిలబెట్టేసిన బళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. అడుగున నీటి బుడగలు దొర్లుతుంటే ఇక చెప్పేదేముంది.

క్యాన్ పెట్టి చూడటం

ఈ ఒక్క పరీక్ష చేయకుండా పంపు విప్పనివ్వకండి, ఎంత తెలిసిన మెకానిక్ అయినా సరే. శుభ్రమైన 5 లీటర్ల క్యాన్‌లో బంకు నుంచి తెచ్చిన తాజా డీజిల్ పోయండి. ట్యాంకు నుంచి ఫిల్టర్ వైపు వచ్చే పైపు, పంపు నుంచి ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్న్ పైపు, రెండూ విప్పి, కొత్త రబ్బరు పైపులతో రెండింటినీ ఆ క్యాన్‌లో ముంచండి. రిటర్న్ పైపుని మర్చిపోతే డీజిల్ నేల మీద పోతుంది. క్యాన్‌ని సైలెన్సర్ వేడి, ఫ్యాను తగలని చోట, ఇంజిన్ కన్నా ఎత్తులో గట్టిగా కట్టండి. పైపుల్లో చేరిన గాలి తీసి (ఎలాగో చివర్లో చెప్పాను) బండి స్టార్ట్ చేసి, నిలబెట్టిన చోటే ఓ అరగంట రేస్ చేస్తూ వదిలేయండి. ఇలా క్యాన్ కట్టుకుని రోడ్డెక్కొద్దు.

క్యాన్ మీద బండి శుభ్రంగా, ఒకే గొంతుతో నడిస్తే మీ పంపుకి ఏమీ కాలేదు. జబ్బు ట్యాంకులోనో ఆ పైపుల్లోనో ఉంది. క్యాన్ మీద కూడా అలాగే ఆగితే అప్పుడు ఫిల్టర్, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు), ఆ తర్వాతే పెద్ద పంపు చూడాలి. ఫీడ్ పంపుకి డీజిల్ వచ్చే చోట కొన్ని బళ్ళలో ఇంకో చిన్న జాలీ ఉంటుంది, దాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ విప్పరు. అది కూడా ఒకసారి తీసి కడగండి.

గాలి పీలుస్తోందేమో చూడటానికి తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ముక్క బాగా పనికొస్తుంది. ఫిల్టర్‌కి ముందు పైపు మధ్యలో ఆ పారదర్శకమైన ముక్క పెట్టి క్లిప్పులు బిగించి స్టార్ట్ చేస్తే, బుడగలు పోతున్నాయా లేదా కంటికే కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక తీసేయాలి, ఆ రకం పైపు డీజిల్‌కి గట్టిపడి పగిలిపోతుంది. బుడగలు కనిపిస్తే ట్యాంకు పైనున్న జాయింటు నుంచి ఒక్కో క్లిప్పూ చూసుకుంటూ రండి. పీల్చే వైపు సందు ఉంటే బయటికి డీజిల్ కారదు, గాలి మాత్రమే లోపలికి పోతుంది. కాబట్టి తడి కనిపించలేదని వదిలేయొద్దు. పగుళ్ళు వచ్చిన రబ్బరు పైపుకి టేపు చుట్టడం దండగ, డీజిల్‌కి తట్టుకునే పైపు అని అడిగి కొత్తది వేయండి. నీళ్ళ పైపు ముక్క వేస్తే కొన్నాళ్ళకే ఉబ్బి ఊడుతుంది.

గాలి దారి సమస్య అని తేలితే పని చిన్నదే. మూతలో ఉండే సన్న రంధ్రం, లేదా ట్యాంకు పైనుంచి వచ్చే బ్రీదర్ పైపు శుభ్రం చేయాలి. ఈ పైపు చివర మట్టి పేరుకోవడం మామూలే, మట్టితో గూడు కట్టే కందిరీగలు అందులో గూడు పెట్టేస్తాయి కూడా. సన్నటి తీగతో పొడిచి, ట్యాంకు వైపు కాకుండా బయటి వైపుకి గాలి కొట్టండి. మూత పోయిందని ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసిన బళ్ళు చాలా కనిపిస్తాయి. కవరు బిగుతుగా ఉంటే గాలి ఆగుతుంది, వదులుగా ఉంటే వాన నీళ్ళు దిగుతాయి, రెండూ కష్టమే. ఆ మోడల్‌కి సరిపోయే మూతే కొనండి.

ట్యాంకు దించడం

వీలైనంత వరకు బండి తిప్పి డీజిల్ అయిపోయాక, అడుగున కొంచెమే ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోండి. లీటరు డీజిల్ ముప్పావు కిలో పైనే ఉంటుంది, 50 లీటర్లంటే 40 కిలోలు దాటుతుంది, కింద పడుకుని అంత బరువు పట్టుకోలేరు. బండి చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. జాకీ ఎక్కించాల్సి వస్తే కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టాకే దూరండి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు.

అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పే ముందు బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే నీళ్ళూ మడ్డీ అడుక్కి చేరి ముందుగా అవే వస్తాయి. మొదట వచ్చిన దాన్ని ఓ గాజు సీసాలో పట్టి పక్కన పెట్టండి. గంట తర్వాత కింద నీళ్ళ గీత, దాని కింద మడ్డి విడివిడిగా కనిపిస్తాయి. లోపల ఏముందో ఆ సీసా చెప్తుంది. నీళ్ళు కొంచెమే ఉండి తుప్పు లేకపోతే ట్యాంకు దించకుండా, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేసి బోల్టు బిగిస్తే సరిపోతుంది. బోల్టు తుప్పు పట్టి రాకపోతే సుత్తితో బాదకండి, బోల్టు కూర్చోవడానికి రేకుకి అతికించిన చుట్టు ఊడి వస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి ఆగి, సరిగ్గా సరిపోయే రింగు స్పానర్‌తో తిప్పండి.

పైపులు విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకుని, పీల్చే పైపుకి ఎర్ర టేపు, రిటర్న్‌కి నల్ల టేపు చుట్టండి. రెండూ ఒకే సైజులో ఉంటే బిగించేటప్పుడు తారుమారు చేయడం చాలా మామూలు. అలా అయితే జాలీ లేని పైపు గుండా డీజిల్ లాగుతుంది. డీజిల్ ఎంత ఉందో చూపే గేజీ వైరు ఊడదీసి, ఫిల్లర్ గొంతు రబ్బరు క్లిప్పులు వదులు చేసి, ట్యాంకు కింద ఎవరినైనా పట్టుకోమని చెప్పి, అప్పుడు పట్టీల నట్లు విప్పండి. తీసిన డీజిల్ని కాలవలో పోయకండి. మూత ఉన్న క్యాన్‌లో కొన్ని రోజులు తేర్చితే పైన తేరినది సామాన్లు కడగడానికి పనికొస్తుంది. దాన్ని మళ్ళీ బండిలో పోయొద్దు, ముఖ్యంగా కామన్ రైల్ ఇంజిన్ (అన్ని నాజిల్స్‌కీ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందే రకం) అయితే అసలు వద్దు. అందులో డీజిల్ వెయ్యి బార్ పైన ఒత్తిడితో పోతుంది, కంటికి కనిపించని తుప్పు రేణువు కూడా నాజిల్‌ని అరగదీస్తుంది.

ట్యాంకు దిగాక మొదట పట్టీల కింద చూడండి. పట్టీకీ రేకుకీ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది, దాని సందులో బురద, నీళ్ళు నిలిచి అక్కడే రేకు ముందుగా తినేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. భీమవరం, నరసాపురం వైపు చేపలు, రొయ్యలు తోలే బళ్ళకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళు, కొన్నిసార్లు అందులో ఉప్పు, సరిగ్గా ట్యాంకు మీదికే దిగుతాయి. అలాంటి కిరాయిలు తోలేవాళ్ళు లోడు దించిన రోజే కింద కూడా మంచినీళ్ళతో కడగాలి. ఇంకోటి చూడాల్సింది, అడుగున సొట్ట. ఎప్పుడో ఎవరో ట్యాంకు కింద జాకీ పెట్టి లేపి ఉంటారు, అడుగు రేకు పైకి లేచి జాలీకి ఆనుకుని దారి మూస్తుంది. ఇది బయటి నుంచి చూస్తేనే తెలుస్తుంది, లోపల ఎంత కడిగినా పోదు.

కడగడం

గేజీ ఫ్లోట్‌నీ, అంటే డీజిల్ మీద తేలే బుడ్డినీ, పీల్చే పైపునీ బయటికి తీసేయండి. జాలీని మెత్తని బ్రష్‌తో డీజిల్‌లో కడగండి. చిరిగితే కొత్తది వేయాలి, తీసి పారేసి ఖాళీ పైపు పెట్టడం మాత్రం పనికిరాదు, అలా పెడితే ఆ తుప్పంతా నేరుగా ఫిల్టర్ మీదికి పోతుంది.

ముందు రెండు మూడు లీటర్ల డీజిల్ పోసి అటూ ఇటూ ఊపి పారబోయండి. తర్వాత వేడినీళ్ళలో డిటర్జెంట్ పౌడర్ కలిపి పోసి, గుప్పెడు నున్నటి చిన్న గులకరాళ్ళో, పాత నట్లో లెక్కపెట్టి వేసి, మూతలు మూసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఊపాలి. లెక్కపెట్టడం ఎందుకంటే, వేసినన్ని బయటికి రావాలి కాబట్టి. సన్నటి గొలుసు ముక్క అయితే ఇంకా మంచిది, ఒక కొస బయట పట్టుకుంటే లోపల ఏమీ మిగలదు. గొలుసు ఊపడం డీజిల్‌తో కాదు, సబ్బునీళ్ళు పోసాకే. ఇనుముకీ ఇనుముకీ రాపిడి అయితే నిప్పురవ్వ రావచ్చు. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి ఊపుతూ ఉండండి, ఇక్కడ తొందరపడితే మొత్తం పని వృథా.

తుప్పు పొరలు పొరలుగా ఉంటే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు రిమూవర్ వాడొచ్చు, డబ్బా మీద రాసినంతసేపే ఉంచాలి, చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు ఉండాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, అది తుప్పుతో పాటు మంచి రేకుని కూడా తినేసి, కడిగిన కాసేపటికే మళ్ళీ ఎర్రబారేలా చేస్తుంది. కడిగిన వెంటనే ఆరబెట్టడం ముఖ్యం. నోరు కిందికి వంచి నీళ్ళన్నీ కారనిచ్చి, ఎండలో పెట్టి, బ్లోయర్ ఉంటే మామూలు గాలి కొట్టి, పూర్తిగా పొడి అయ్యాక లీటరు కొత్త డీజిల్ పోసి లోపలి గోడలన్నీ తడిసేలా తిప్పి పారబోయండి. తడి రేకు ఒక్క పూటలో మళ్ళీ తుప్పు పడుతుంది, డీజిల్ పొర ఉంటే ఆగుతుంది.

"లోపల గాల్వనైజ్ చేయించు, ఇక తుప్పే రాదు" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. చేయించకండి. జింకు డీజిల్‌తో కలిసి జిగురు పదార్థాలు తయారవుతాయి, అవి ఫిల్టర్లు మూసేస్తాయి.

కారుతుంటే

ముందు అసలు ఎక్కడ కారుతోందో తేల్చండి. బయట అంతా తుడిచి ఆరాక సుద్దముక్క రుద్దితే తడి ఎక్కడ మొదలవుతుందో మచ్చలా కనిపిస్తుంది. డ్రెయిన్ బోల్టు దగ్గరైతే వాషర్ మారిస్తే చాలు. ట్యాంకు నిండా పోయించినప్పుడు మాత్రమే కారితే ఫిల్లర్ రబ్బరో, గేజీ ప్యాకింగో. ఆ ప్యాకింగ్‌కి సిలికాన్ పేస్టు పూయొద్దు, డీజిల్‌కి ఉబ్బి ముక్కలై జాలీకి చేరుతుంది. డీజిల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బరు లేదా కార్క్ ప్యాకింగ్ కొనండి. అలాగే జాయింట్లకి తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పీచులు పంపులోకి పోతాయి.

దారి మధ్యలో రేకు నుంచి చెమ్మ ఊరుతుంటే బట్టల సబ్బు గట్టిగా రుద్ది అదిమి ఇల్లు చేరుకోవచ్చు, సబ్బు డీజిల్‌లో కరగదు కాబట్టి ఈ పాత పద్ధతి నిజంగానే పనిచేస్తుంది. ఎంసీల్ (రెండు ముద్దలు కలిపి పెట్టే పేస్టు) అయితే ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. కానీ తడి మీద అతకదు, డీజిల్ మట్టం ఆ చోటికన్నా కిందికి దించి, ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, పూర్తిగా తుడిచాకే పెట్టాలి, తర్వాత గట్టిపడేదాకా ఆగాలి. ఇవి రెండూ తాత్కాలికమే. వేలితో నొక్కితే రేకు లోపలికి పోతుంటే ఏ పేస్టూ ఆగదు.

వెల్డింగ్ గురించి నేను మొహమాటం లేకుండా చెప్తాను: మీరు చేయకండి, ఊళ్ళో తలుపులు, గేట్లు చేసే వెల్డర్ చేత చేయించకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, ఎందుకంటే అందులో నిండా ఉండేది ఆవిరి, గాలి. ఎన్నిసార్లు కడిగినా అంచు మడతల్లో, తుప్పు పొరల కింద డీజిల్ దాక్కుని ఉంటుంది. మంట తగిలి వేడెక్కగానే అది ఆవిరై పేలుతుంది. ఇలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. సైలెన్సర్ పొగ ట్యాంకులోకి పెట్టి వెల్డింగ్ చేస్తే ఏమీ కాదనే మాట నమ్మొద్దు, డీజిల్ ఇంజిన్ పొగలో ఇంకా చాలా ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. ట్యాంకుల పని, రేడియేటర్ల పని చేసే అనుభవజ్ఞుల దగ్గరికే తీసుకెళ్ళండి. ఆవిరి పట్టించి కడిగి, అతకాల్సిన చోటు పైకి వచ్చేలా పెట్టి, ఆ చోటికి కొంచెం కింది వరకు నీళ్ళు నింపి, మూతలన్నీ తెరిచి ఉంచి అతికేవాళ్ళని చూసుకోండి. నీళ్ళు నింపకుండా మొదలుపెడితే ట్యాంకు తీసుకుని వచ్చేయండి.

అతికించాక పరీక్షకి టైరు షాపు గాలి పట్టించొద్దు. అది పలచని రేకు, అంత ఒత్తిడికి ఉబ్బి చీలుతుంది. రంధ్రాలు మూసి సైకిల్ పంపుతో కొద్దిగా గాలి కొట్టి, అతుకు మీద సబ్బు నురగ పూస్తే చాలు.

గేజీ ముల్లు

ముల్లు కదలకపోతే ఫ్లోట్ ఒక్కటే కారణం అనుకోవద్దు, చాలాసార్లు ఎర్త్ సరిగ్గా తగలకపోవడమే. ట్యాంకు కొత్తగా పెయింట్ వేయించాక ముల్లు చచ్చిపోయిందంటే ముందు ఎర్త్ చూడండి, రేకు నుంచి ఛాసిస్‌కి ఓ వైరు వేస్తే తేలిపోతుంది. అది కాకపోతే, ట్యాంకు మూతలన్నీ బిగించి ఉన్నాయని చూసుకుని, స్విచ్ ఆన్ చేసి, గేజీ వైరుని ట్యాంకుకి దూరంగా ఛాసిస్‌కి ఒక్క క్షణం తగిలించండి. ముల్లు ఒక కొసకి పరిగెత్తితే గేజీ, వైరు బాగున్నట్టే, లోపం ఫ్లోట్ యూనిట్‌లో ఉంది. దాన్ని బయటికి తీసినప్పుడు మల్టీమీటర్ పెట్టి ఫ్లోట్ కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే అంకె తెగకుండా మారాలి, మధ్యలో ఎగిరితే లోపలి తీగ అరిగిపోయినట్టు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే గలగలమంటే అందులోకి డీజిల్ దూరింది, ఇక అది తేలదు.

బిగించడం, గాలి తీయడం

పట్టీల కింద కొత్త రబ్బరు వేయండి, వేసే ముందు రేకుకి తుప్పు ఆపే ప్రైమర్, పైన పెయింట్ కొట్టి ఆరనివ్వండి. ఫిల్టర్ కొత్తది. రెండు ఫిల్టర్లు ఉన్న బండి అయితే రెండూ మార్చాలి, గుడ్డ ఫిల్టర్ కడుక్కుని పెట్టుకోవచ్చు అనే ఆశ వద్దు. కనీసం 15, 20 లీటర్లు పోయించండి.

పాత మెకానికల్ పంపు అయితే, ఫిల్టర్ మీదున్న గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగల్లేని డీజిల్ ధారగా వస్తుంది. చేతి పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి, ఆపి బిగిస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. తర్వాత పెద్ద పంపు మీదున్న స్క్రూ దగ్గర ఇదే పని. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్స్ దగ్గరి నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొడితే మిగిలిన గాలి పోతుంది. అక్కడ చెయ్యి, ముఖం దగ్గర పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది, చూడటానికి సూది గుచ్చినంతే ఉన్నా ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. బీఎస్ 4 (పొగ ప్రమాణం) కామన్ రైల్ బండి అయితే నాజిల్స్ వైపు నట్లు అసలు ముట్టుకోవద్దు. ఫిల్టర్ దగ్గరి చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ ఆగకుండా తిప్పొద్దు, పది సెకన్లు కొట్టి అర నిమిషం ఆపండి.

ఎంత కడిగినా కొంత తుప్పు మిగిలే ఉంటుంది, అది మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఊడి వస్తుంది. అందుకని దాదాపు 500 కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ మరోసారి మార్చి, పాతదాన్ని కోసి చూడండి. శుభ్రంగా ఉంటే ఇక మామూలు సర్వీసు లెక్కే. వానాకాలంలో వారానికోసారి ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలే స్క్రూ తిప్పడం, రాత్రిళ్ళు ట్యాంకు అడుగంటకుండా ఉంచడం అలవాటు చేసుకుంటే చాలు. ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, ఆ గాలిలోని తేమే తెల్లారేసరికి గోడలకి నీళ్ళై పడుతుంది.

ఫిల్టర్ మళ్ళీ ఎర్రగానే వస్తే ఇంకోసారి కడిగి లాభం లేదు, ట్యాంకు మార్చాలి. కొత్తది దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత సామాన్ల షాపుల్లో వెతకండి. పైన మెరిసే పెయింట్ చూసి తీసుకోకండి, కొత్తగా పెయింట్ వేసిన పాత ట్యాంకు అంటేనే కొంచెం అనుమానించాలి. గేజీ రంధ్రంలోంచి టార్చి వేసి అడుగు మూలలు చూడండి, ఊపి లోపల ఏమైనా రాలుతోందేమో వినండి, పట్టీలు కూర్చునే చోట బొటనవేలితో నొక్కండి, పైపుల మరలు (థ్రెడ్లు) అరగలేదని మీ నట్టు పెట్టి తిప్పి చూడండి. ఫ్లోట్ మీ మోడల్‌దేనా అడగండి, వేరే మోడల్‌ది అయితే ముల్లు తప్పు చూపిస్తుంది. తెచ్చాక దాన్నీ పైన చెప్పినట్టే కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే ఎక్కించండి.